కిడ్నీ రోగులకు డై లేని స్కానే దిక్కా? కేంద్ర శాస్త్ర, సాంకేతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. ఇంతకుముందు మీ శాఖకూ, ఆరోగ్య శాఖకూ అర్జీలు పెట్టుకున్నాను. సంబంధిత విభాగానికి పంపామన్న మెసేజ్ తప్ప జవాబు లేదు. అందుకే ఇలా అందరి ముందూ అడుగుతున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. పలాసలో ఆసుపత్రి కట్టారు, హిరమండలం నుంచి నీళ్లు తెచ్చారు, సంతోషం. కానీ కిడ్నీలు చెడిన మనిషికి ఇంకో జబ్బు వస్తే దాన్ని కనిపెట్టేదెలా?

మా నాన్నకు అల్ట్రాసౌండ్‌లో లివర్ మీద మచ్చ కనిపించింది. క్యాన్సరో కాదో తేలాలంటే డై ఎక్కించి స్కాన్ తీయాలన్నారు. విశాఖ తీసుకెళ్లాం. కిడ్నీలు ఎంత పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూసి, సీటీకి వాడే అయోడిన్ డై ఇస్తే మిగిలిన కిడ్నీ కూడా దెబ్బతింటుందన్నారు. ఎమ్మారైకి వాడే గాడోలినియం కూడా వద్దన్నారు. చివరికి డై లేకుండానే తీశారు. రిపోర్టులో ఏం రాశారో తెలుసా సార్? 'స్పష్టంగా చెప్పలేం, కాంట్రాస్ట్‌తో తీయించండి' అని, అంటే మళ్లీ ఆ డైతోనే! ఆ కాగితం పట్టుకుని ఎక్కడికి వెళ్లాలి? అది ఏ మచ్చో తెలియకుండా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. డయాలసిస్‌కు వెళ్లినప్పుడల్లా ఇలాంటి రిపోర్టులు పట్టుకున్నవాళ్లు కనిపిస్తూనే ఉంటారు.

డాక్టర్లను తప్పుపట్టను. గాడోలినియం వల్ల కిడ్నీ రోగుల్లో చర్మం గట్టిపడి కీళ్లు బిగుసుకుపోయే జబ్బు వస్తుందని 2006లోనే బయటపడింది. కొత్త రకాల్లో ఆ ప్రమాదం బాగా తక్కువని చదివాను. అవి ఎక్కడ దొరుకుతాయో, ఎవరికి ఇవ్వొచ్చో మాకు చెప్పే నాథుడు లేడు.

ఎమ్మారైకి డైగా వాడదగ్గ ఐరన్ ఆక్సైడ్ నానో కణాలకైతే, అంటే అతి సూక్ష్మమైన ఇనుప కణాలకైతే, కిడ్నీలతో పనే లేదు కదా సార్. లివర్, ప్లీహంలోని కణాలు వాటిని మింగేస్తాయి, ఆ ఇనుము మెల్లగా ఒంట్లోని ఇనుములో కలిసిపోతుంది. ఎమ్మారైలో మంచి లివర్ నల్లబడుతుంది. క్యాన్సర్ గడ్డ చాలావరకు ఆ కణాలను తీసుకోదు కాబట్టి తెల్లగా బయటపడుతుంది. ఇలా లివర్ కోసం చేసిన మందుకు అమెరికా 1996లోనే అనుమతిచ్చింది, తర్వాత దాని అమ్మకం ఆగిపోయింది. 2009లో కిడ్నీ రోగుల రక్తహీనతకు అనుమతించిన ఇలాంటి కణాల మందే అయిన ఫెరుమాక్సిటాల్‌ను అక్కడి డాక్టర్లు ఎమ్మారైకీ వాడుతున్నారు. దానికి తీవ్రమైన అలర్జీ ప్రమాదం ఉందని 2015లో హెచ్చరిక గట్టిచేశారు. అందుకే మన దగ్గర జాగ్రత్తగా పరీక్షించాకే ఇవ్వమంటున్నాం.

నానో పరిశోధనల కోసం మీ శాఖ పెట్టిన నానో మిషన్ 2007లో మొదలైంది. నానో మందులను పరిశీలించే మార్గదర్శకాలు 2019లో వచ్చాయి. మా స్కానింగ్ గదిలోకి మాత్రం ఏదీ రాలేదు. ఇంకెన్నేళ్లు సార్? మా వాళ్లకు అంత టైమ్ లేదు.

దయచేసి ఆరోగ్య శాఖతో మాట్లాడండి. ట్రయల్స్ పెట్టాల్సి వస్తే, అన్నీ వివరంగా చెప్పి, ఒప్పుకున్నవాళ్లతో మా ప్రాంతంలోనూ పెట్టండి. అప్పటిదాకా ప్రమాదం తక్కువున్న గాడోలినియమైనా మా దగ్గరి ఆసుపత్రుల్లో ఉంచమనండి. నాన్న రిపోర్టు నకలు మీ ఆఫీసుకు మళ్లీ పంపుతున్నాను. ఈసారి మీరే చదవండి సార్, జవాబివ్వండి.

ఇట్లు,
ఉద్దానం నుంచి ఒక కిడ్నీ రోగి కొడుకు