కాలనీ వీధిలోకి కార్లను మళ్లిస్తున్న యాప్‌లు: ట్రాఫిక్ ఉన్నతాధికారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ట్రాఫిక్ పోలీసు ఉన్నతాధికారి గారికి,

మేమిచ్చిన వినతిపత్రాలకు జవాబు రానందున, ఈ విషయాన్ని నలుగురి ముందు పెడుతున్నాము.

ప్రధాన రహదారి మీద వాహనాలు ఆగగానే, డ్రైవర్ల ఫోన్ల కదలికను బట్టి వేగాన్ని లెక్కగట్టే నావిగేషన్ యాప్‌లు కార్లను మా ఇరుకు వీధిలోకి మళ్లిస్తున్నాయి. ఒక్కరికి రెండు నిమిషాలు కలిసొచ్చే ఆ దారి, అందరూ ఒకేసారి పట్టేసరికి మూసుకుపోతున్నది. ఇటీవల మలుపులో ఎదురెదురుగా ఇరుక్కున్న కార్ల వెనుక అంబులెన్సు నిలిచిపోతే, ఊపిరాడని తల్లిని కొడుకులు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి అక్కడిదాకా మోసుకెళ్లారు. డ్రైవర్లను తప్పుపట్టడం లేదు. తెర చూపిన దారిని ఎవరైనా నమ్ముతారు.

అమెరికాలోని న్యూజెర్సీలో లియోనియా అనే చిన్న పట్టణం ఇదే బాధతో 2018లో రద్దీ వేళల్లో సుమారు 60 వీధులను బయటివారికి మూసివేసింది. రాష్ట్ర రవాణా శాఖ అనుమతి లేదని కోర్టు ఆ ఆంక్షలను అదే ఏడాది కొట్టివేసింది. అందుకే మేము సొంతంగా అడ్డుకట్టలు వేయకుండా, అధికారమున్న మిమ్మల్నే ఆశ్రయిస్తున్నాము.

రద్దీ వేళల్లో మా వీధిని వన్‌వేగా ప్రకటించి, వీధి మొదట్లో బోర్డు పెట్టించి, ఆ ఉత్తర్వును మ్యాపు సంస్థలకు లిఖితపూర్వకంగా పంపి, ఈ నెలాఖరులోగా మాకు జవాబు ఇప్పించవలసిందిగా కోరుతున్నాము.

ఇట్లు,
కాలనీ నివాసుల తరఫున