ముందుజాగ్రత్తగా మందు వేసి ఇవ్వమని అడుగుతున్న వారికి

మా వద్ద తాబేళ్లను, బేర్డెడ్ డ్రాగన్లనే బల్లులను, పాములను తీసుకునేవారిలో చాలామంది ఈమధ్య రెండు కోరికలు కోరుతున్నారు. ఇంటికి పంపే ముందు ప్రతి ప్రాణికీ యాంటీబయాటిక్ కోర్సు వేయించాలన్నది ఒకటి, సాల్మొనెల్లా లేదని ధ్రువపత్రం ఇవ్వాలన్నది రెండవది. ఈ రెండింటిలో ఏదీ మేము చేయబోము.

సాల్మొనెల్లా సరీసృపాల పేగుల్లో సాధారణంగా ఉండే, మనుషులకు విరేచనాలు, జ్వరం తెప్పించే బ్యాక్టీరియా. దానివల్ల వాటికి చాలావరకు ఏ జబ్బూ రాదు కాబట్టి, చురుకుగా మేత తింటూ నిగనిగలాడే ప్రాణి కూడా దానిని మలంలో విసర్జిస్తూ ఉండవచ్చు. ఆ విసర్జన రోజూ ఒకేలా ఉండదు. ప్రయాణం, కొత్త తొట్టి వంటి ఒత్తిడి కలిగినప్పుడు పెరుగుతుంది. ఈరోజు పరీక్షలో ఏమీ కనిపించని తాబేలు మీ ఇంటికి చేరిన వారానికే బ్యాక్టీరియాను విడవవచ్చు కనుక, ఒక్క పరీక్షను చూపి ధ్రువపత్రం రాసివ్వడం మీకు ఉత్త ధైర్యాన్ని అమ్మడమే అవుతుంది.

మందు విషయం ఇంతకంటే తీవ్రమైనది. యాంటీబయాటిక్ సరీసృపాల పేగుల్లోని సాల్మొనెల్లాను పూర్తిగా తొలగించలేదు. బలహీనమైన వాటిని చంపి, మందును తట్టుకున్న వాటికి చోటు ఖాళీ చేస్తుంది. ఈ తట్టుకునే శక్తినిచ్చే జన్యువులు తరచుగా ప్లాస్మిడ్లనే చిన్న డీఎన్‌ఏ వలయాల మీద ఉండి, ఒక బ్యాక్టీరియా నుంచి మరో జాతి బ్యాక్టీరియాకు కూడా చేరగలవు. మందును తట్టుకున్నవే మిగలడం సరీసృపాల వ్యాపారంలోనే ఒకసారి రుజువైంది. అమెరికాలో చిన్నపిల్లలు జబ్బు పడుతున్నారని 4 అంగుళాల కంటే చిన్న చిప్ప ఉన్న తాబేళ్ల అమ్మకాన్ని 1975లో నిషేధించారు. ఎగుమతులు మాత్రం ఆగలేదు. వాటి కోసం తాబేలు గుడ్లను జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ద్రావణంలో ముంచే పద్ధతి వచ్చింది. సాల్మొనెల్లా తగ్గింది గానీ పోలేదు, మిగిలిన వాటిలో జెంటామైసిన్‌కు లొంగనివి బయటపడ్డాయి. ఆ దేశంలోనే 2012–2014 మధ్య బేర్డెడ్ డ్రాగన్ల ద్వారా వ్యాపించిన సాల్మొనెల్లా కోథమ్ అనే రకం ఎక్కువగా పసిపిల్లలకు సోకగా, పరీక్షించిన నమూనాల్లో కనీసం ఒకదానిలో సెఫ్‌ట్రియాక్సోన్‌కు నిరోధకత కూడా కనిపించింది. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిన పిల్లలకు వైద్యులు ఇచ్చే ముఖ్యమైన మందుల్లో అదొకటి. ఆరోగ్యవంతులైన పెద్దలకు విరేచనాలు, జ్వరం, కడుపునొప్పి చాలాసార్లు ఏ యాంటీబయాటిక్ లేకుండానే వారంలోపు తగ్గిపోతాయి. మందు నిజంగా అవసరమయ్యేది పసివారి వంటి బలహీనులకు, అది పనిచేయకుండా పోతే నష్టపోయేదీ వారే.

అందువల్ల మా దగ్గర జబ్బుపడిన ప్రాణికి మాత్రమే, పశువైద్యుడు చూసి, వీలైన చోట కల్చర్ పరీక్ష (నమూనాలోని బ్యాక్టీరియాను పెంచి గుర్తించే పరీక్ష) చేయించిన తరువాతే మందు వాడతాము. తొట్టి నీటిలో కలిపే యాంటీబయాటిక్ పొడులను అమ్మము. (పొడి ఎందుకు లేదని విసుక్కునేవారు ఉన్నారు, ఆ విసుగు భరించగలము.) ఐదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, వృద్ధులు, కీమోథెరపీ వంటి చికిత్సలో ఉన్నవారు ఉన్న ఇళ్లకు సరీసృపాలను ఇవ్వము.

ఇప్పటికే పెంచుతున్నవారు ప్రాణిని తాకకపోయినా బ్యాక్టీరియా అంటుకోగలదని గుర్తుంచుకోవాలి. బేర్డెడ్ డ్రాగన్ తన మలాన్ని తొక్కుకుంటూ వచ్చి రాయి ఎక్కుతుంది, ఆ రాయిని కడిగిన చేతితోనే మనం కుళాయి తిప్పుతాము. తొట్టి నీటిని, గిన్నెలను వంటగది సింకు దగ్గరకు తీసుకురాకుండా, విడిగా ఒక బకెట్టు, బ్రష్షు పెట్టుకుని, పని ముగియగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. మేతకు వాడే ఎలుకలను ఫ్రీజర్‌లో గడ్డకట్టించినా సాల్మొనెల్లా చావదు కనుక, వాటిని తినే పదార్థాల పక్కన ఉంచకూడదు. ఇంట్లో ఎవరికైనా జ్వరంతో విరేచనాలు పట్టుకుంటే, సరీసృపం పెంచుతున్నామని డాక్టరుకు మొదటే చెప్పాలి. ఏ పరీక్ష రాయాలో, ఏ మందు ఎంచాలో దానిని బట్టి మారవచ్చు.

మా వద్ద తీసుకున్న తరువాత ఇంట్లోకి పసిబిడ్డ రాబోతున్నట్లయితే మాకు తెలియజేయండి. ఆ ప్రాణిని తొట్టితో సహా వెనక్కి తీసుకుంటాము, కారణాలు అడగము.