ల్యాబు తాళం తీయించండి

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మాయి ప్రభుత్వ కాలేజీలో ఇంటర్ బైపీసీ చదువుతోంది. మొన్న రాత్రి కేంద్రకామ్లాల (జీవకణాల్లో ఉండే డీఎన్ఏ, ఆర్ఎన్ఏల) పాఠం బట్టీ పడుతూ "నాన్నా, డీఎన్ఏలో చక్కెర ఉంటుందంట, మనం టీలో వేసుకునేదేనా?" అని అడిగింది. వరి పండించుకునే నాకేం తెలుసు? సైన్సు మాస్టారుగా రిటైరైన మా అన్నయ్య దగ్గరికి తీసుకెళ్లాను.

ఆయన వంటింట్లోనే చూపించారు. చల్లారిన గంజిలో మెడికల్ షాపులో కొన్న అయోడిన్ రెండు చుక్కలు వేస్తే నల్లటి నీలం తిరిగింది. వేడి చేస్తే రంగు పోయింది, చల్లారాక మళ్లీ వచ్చింది. స్టార్చిలో గ్లూకోజు గొలుసులు చుట్టలు తిరిగి ఉంటాయట, ఆ చుట్టల్లో అయోడిన్ దూరితే ఆ రంగు. అసలు విశేషం తర్వాత చెప్పారు. గింజలోని స్టార్చీ, గడ్డిలోని సెల్యులోజూ రెండూ గ్లూకోజుతో అల్లినవే. ముడి పడే తీరు వేరు కాబట్టి అన్నం మనకు అరుగుతుంది, గడ్డి అరగదు. గేదె పొట్టలోని సూక్ష్మజీవులు ఆ ముడి విప్పగలవు. ఇన్నేళ్లు కోతలు కోశాను, వాములు వేశాను, ఈ సంగతి నాకు తెలియదు.

తర్వాత అరటిపండు మెదిపి, ఉప్పు, గిన్నెలు తోమే సబ్బునీళ్లు కలిపి వడగట్టి, పైన చల్లటి స్పిరిట్ పోశారు. తెల్లటి పోగులు తేలాయి. ప్రోటీన్లు కొంత కలిసి ఉన్నా అది డీఎన్ఏనే. అందులోని చక్కెర టీలోది కాదు, ఐదు కార్బన్ల డీఆక్సీరైబోజు. ఆర్ఎన్ఏలోని రైబోజు కంటే ఒక ఆక్సిజన్ తక్కువ. చక్కెర, ఫాస్ఫేటు వరసగా కలిసి వెన్నెముకలా ఉంటే, ఒక్కో చక్కెరకు అడినిన్, గ్వానిన్, సైటోసిన్, థైమిన్ అనే బేసుల్లో ఒకటి అంటుకుంటుంది. మేం చేనికి వేసే డీఏపీలోని భాస్వరం ఆ ఫాస్ఫేటులోకి, యూరియాలోని నత్రజని ఆ బేసుల్లోకి చేరుతుందట. రసాయనాలు కలిపితే వచ్చే రంగును బట్టి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో అమెరికా శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి ప్రకటించింది మన తెలుగు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారే.

ఇదంతా గంటలో అయిపోయింది. ఖర్చు ఒక పూట కూరగాయలంత కూడా కాలేదు. కానీ కాలేజీలో ల్యాబు తాళం తీయగా మా అమ్మాయి ఒక్కసారి కూడా చూడలేదు. పాత రికార్డులు చూసి కొత్త రికార్డులు రాసుకుంటున్నారు. చేసి చూడని ప్రయోగానికి పరీక్షలో ఏం రాయాలోనని పిల్లలకు టెన్షన్.

జిల్లా ఇంటర్ విద్యాధికారులకు నా మనవి ఒక్కటే. ప్రతి ప్రభుత్వ కాలేజీ టైంటేబుల్‌లో వారానికి ఒక ల్యాబ్ పీరియడ్ కచ్చితంగా పెట్టించి, అది జరుగుతోందో లేదో వచ్చి చూడండి. ఖరీదైన పరికరాలు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. గంజి, అరటిపళ్లు కావాలంటే మా ఊరి రైతులమే తెచ్చిస్తాం.

— ఒక విద్యార్థిని తండ్రి, కోవూరు, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా