ఆశ అక్కలకు, ఏఎన్‌ఎమ్ సిస్టర్లకు మా దండాలు

హనుమకొండ, పరకాల, నర్సంపేట వైపు బాలింతల ఇండ్లకు తిరిగే ఆశ అక్కలందరికీ నిండు మనసుతో కృతజ్ఞతలు. కష్టమైన కాన్పుతో తల్లి మనసుకు తగిలే దెబ్బను పట్టుకోవడానికి మేం రాసిన ప్రశ్నలను మీరు మన మాటల్లోకి తెచ్చారు. 'బాధాకరమైన జ్ఞాపకాలు పదేపదే వస్తున్నాయా?' అని మేం రాస్తే, 'కాన్పు గది మల్ల కండ్ల ముంగట కనవడ్తాందా?' అన్నారు. 'బిడ్డ పండుకున్నంక గూడ నీకు నిద్ర పడ్తలేదా?' అన్న ప్రశ్న పూర్తిగా మీదే.

ఈ ప్రశ్నలు ఎందుకంటే, బాలింతల దిగులును పట్టుకోవడానికి 1987 నుంచి వాడుకలో ఉన్న ఎడింబరో ప్రశ్నావళిలోని 10 ప్రశ్నలూ గడిచిన 7 రోజుల దిగులు, ఆందోళన గురించే. కాన్పులో ఏం జరిగిందన్న ఊసు అందులో లేదు. అందుకే స్కోరు తక్కువొచ్చిన తల్లిలోనూ ఈ బాధ దాగి ఉండొచ్చు.

తొలి వారాల్లో ఉలికిపాటు, ఏడుపు చాలామందికి వచ్చి తగ్గిపోతాయి. నెల దాటినా వదలకపోతేనే పీటీఎస్‌డీ (భయపెట్టిన అనుభవం తర్వాత మనసును వదలని జబ్బు) అని అనుమానించాలి. మీరు 3, 7, 14, 21, 28, 42 రోజులకు వెళ్తారు కాబట్టి చివరి రెండుసార్లు అడగడం ముఖ్యం. నలుగురిలో 'మంచిగున్నవా?' అంటే 'మంచిగున్న' అనే వస్తుంది. అత్తమ్మను బిడ్డ బట్టలు తెమ్మని లోపలికి పంపి, తూకం జోలెలో బిడ్డను సర్దుతూ మెల్లగా అడిగే మీ పద్ధతే సరైనది.

ఆరు వారాల టీకాకు రాని తల్లిని తిట్టవద్దని చెప్పిందీ మీరే. కాన్పు జరిగిన ఆ దవాఖాన మెట్లెక్కాలంటేనే ఆమెకు చెమటలు పడుతుండొచ్చు.

'బిడ్డ మంచిగనే ఉన్నడు గదా' అంటే ఆమె నోరు మూసుకుపోతుంది. కాన్పులో జరిగిందంతా మొదట్నుంచి చెప్పమని బలవంతపెడితే మేలు జరగదు, కీడే జరగొచ్చు. శిక్షణ ఉన్న సైకాలజిస్టు దగ్గర కొన్ని వారాల పాటు జరగాల్సిన పని అది. మెడికల్ షాపులో నిద్రమాత్రలు కొనివ్వొద్దు. పాలిస్తూనే వాడదగ్గ సెర్ట్రలిన్ లాంటి మందులున్నాయి, అవసరమైతే డాక్టరు రాస్తారు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. చావు మాట గానీ, బిడ్డకు హాని చేసే ఆలోచన గానీ బయటపడితే ఆమెను ఒంటరిగా వదలకుండా ఆ రోజే వరంగల్ ఎంజీఎం దవాఖానకు తీసుకుపోవాలి.

టీకా గదికి కాన్పు వార్డు ముందు నుంచే దారి ఉన్న చోట, వరండాలోకే వచ్చి బిడ్డకు సూది వేసి, ఆ అరగంటా తల్లిని బయట చెట్టు నీడన కూర్చోబెట్టిన ఏఎన్‌ఎమ్ సిస్టర్లకు మా దండాలు.