పశ్చిమాఫ్రికా వార్తల్లో కనిపించని చుట్టరికం
మాలి, బుర్కినా ఫాసో, నైజర్ 2025 జనవరి 29న పశ్చిమాఫ్రికా దేశాల ఆర్థిక కూటమి ఎకోవాస్‌ను వీడిన వార్తల్లో సైన్యం, ఆంక్షలే తప్ప సరిహద్దు దాటిన చుట్టరికాల ఊసే లేదు. మాలిలో త్రావోరే ఇంటిపేరుకు పొరుగునున్న సెనెగల్‌లో జోప్ సాటి; జారా ఇంటిపేరుకు న్జాయ్. త్రావోరే-జారాలదీ, జోప్-న్జాయ్‌లదీ ఒకరినొకరు ఆటపట్టించుకునే వరస. అందుకే సెనెగల్ రాజధాని డకార్‌లో దిగిన త్రావోరేను న్జాయ్ ఇంటివాళ్లు బావమరిదిని ఆటపట్టించినట్టు ఆటపట్టిస్తారు. మాలి రాజధాని బమాకోలో 'నువ్వు అలసందలు మెక్కేవాడివి' అని వరసైనవాడు అంటే కోపం రాదు, నవ్వొస్తుంది. బేరం కుదురుతుంది, ముదిరిన తగాదా కూడా చల్లారుతుంది. ఈ వరసలు నిలవాలంటే పెళ్లికీ చావుకీ రాకపోకలు సాగాలి. ఎకోవాస్ 1979 ఒప్పందమిచ్చిన 90 రోజుల వీసారహిత బసను తాత్కాలిక ప్రకటనలకు వదిలేయకుండా, ఎకోవాస్, ఆ మూడు దేశాలూ గడువులేని ఒప్పందంగా రాసుకోవాలి.