హాల్లో పడే విజిల్ రెండు రకాలు

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న మీ సినిమా పేజీలో యాక్షన్ హీరోలకు ఒకటో నంబరు, రెండో నంబరు అంటూ వరుస కట్టారు. కొలతగా మొదటి రోజు వసూళ్లు తీసుకున్నారు. నేను చీరాలలో ముప్పై ఏళ్లకు పైగా ప్రొజెక్టర్ నడిపినవాణ్ని. ఆ కొలత తప్పని నా గట్టి నమ్మకం. అందుకే ఈ ఉత్తరం.

1981లో హెల్పర్‌గా చేరాను. రీళ్లు చుట్టడం, తెగిన ఫిల్మ్ అతికించడం, కార్బన్ కడ్డీలు మార్చడం నా పని. తర్వాత ఆపరేటర్‌నయ్యాను. కేబిన్‌లో రెండు మెషిన్లు ఉండేవి. కడ్డీల వేడికి లోపల కొలిమిలా కాగిపోయేది. బనీనుతో నిలబడి, గోడలో ఉన్న చిన్న కంతలోంచి తెర వైపే చూస్తుండాలి. రీలు అయిపోవచ్చేసరికి తెర మీద కుడివైపు పైమూలన ఓ చుక్క పడుతుంది. అది చూసి రెండో మెషిన్ మోటారు వెయ్యాలి. ఇంకో చుక్క పడగానే ఇది మూసి అది తెరవాలి. రెప్ప వేస్తే తప్పిపోయే చుక్క అది. కాబట్టి ఇన్నేళ్లలో నేను జనాన్ని చూసింది తక్కువ, విన్నది ఎక్కువ. మెషిన్ల రొదలో కూడా విని విని నాకో సంగతి పట్టుబడింది. హాల్లో పడే విజిల్ రెండు రకాలు.

ఒకటి, టైటిల్స్‌లో హీరో పేరు రాగానే పడేది. కాగితాలు ఎగరేస్తారు, కుర్చీలెక్కుతారు. ఆ విజిల్ ఇంటి దగ్గరే సిద్ధమై వస్తుంది. అది నటుడి మీది అభిమానం, అందులో తప్పేమీ లేదు. కుర్రతనంలో నేనూ వేశాను. రెండో విజిల్‌కి ముందు హాలంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుంది. అది ఎప్పుడొస్తుందో వేసేవాడికే తెలీదు. అది కథలో ఉన్న మనిషికి పడే విజిల్. ఆ విజిల్ పడ్డాకే వాడు హీరో అయినట్టు నా లెక్క.

1989లో వచ్చిన ‘శివ’ మా హాల్లో ఆడుతున్న రోజులు. నేల టికెట్టుకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది పేరాల నేతగాళ్లు. పగలంతా మగ్గం గుంటలో కూర్చుని, సాయంత్రం నడుం వాల్చకుండా నేరుగా ఆటకొచ్చేవాళ్లు. ఒకరి మాట ఒకరికి వినపడనంత గోలగా ఉండేది. నాగార్జున సైకిల్ చైను పట్టుకుని లాగేసరికి ఆ గోలంతా టక్కున ఆగిపోయింది. సౌండ్ పోయిందేమోనని గుండె జారి ఆంప్లిఫయర్ వైపు తిరిగాను. దాని లైటు వెలుగుతూనే ఉంది. నేను మళ్లీ కంత దగ్గరికి వచ్చేలోపు హాలు దద్దరిల్లిపోయింది. ఆ కుర్రాడు అప్పటిదాకా ఊరుకుని ఊరుకుని ఉన్నాడు. వచ్చీరాగానే పదిమందిని కొట్టి ఉంటే ఆ చైనుకి అంత బలం ఉండేది కాదు.

అదే సినిమాలో హీరో చేయలేకపోయిన పని ఒకటుంది. అన్న కూతుర్ని, ఆ చిన్నపిల్లని కాపాడుకోలేకపోతాడు. ఆ రీలు నడుస్తున్నంతసేపూ కింద ఎవరూ దగ్గను కూడా దగ్గేవారు కాదు. ఇక భవానీగా వేసిన రఘువరన్ గారు సన్నటి మనిషి, గొంతు కూడా పెంచరు. ఆయన్ని చూస్తే నాకే వెన్నులో చలి పుట్టేది. హీరోకి అలాంటి ఎదురు కావాలి. 1951 నాటి ‘పాతాళభైరవి’ మా హాల్లో ఎన్నిసార్లు మళ్లీ వేసినా జనం వచ్చేవారు. తోట రాముడు తోటమాలి కొడుకు. వాడికి ఎదురుగా ఎస్వీ రంగారావు గారంతటి మాంత్రికుడు నిలబడ్డాడు. మాంత్రికుడు అంతటివాడు కాబట్టే రాముడు మనకి గుర్తున్నాడు. హీరో అంటే మీసం ఉండాలన్న మాటా నేను ఒప్పుకోను. 1990లో ‘కర్తవ్యం’ మ్యాట్నీలకు ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని వచ్చేవారు. విజయశాంతి గారికి దానికే జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది.

ఈమధ్య ఓ కొత్త సినిమాకి మా పక్కింటి పిల్లాణ్ని తీసుకెళ్లాను. హీరో చేతిలో చచ్చినవాళ్లని వాడు వేళ్ల మీద లెక్కపెట్టాడు. అరవై దాటాక విసుగొచ్చి మానేశాడు. హీరో ఒంటి మీద గీత పడలేదు, చొక్కా కూడా నలగలేదు. క్లైమాక్స్ ఫైటు జరుగుతుంటే వెనక వరసలో ఉన్న నాకు ముందంతా సెల్‌ఫోన్ల వెలుగే కనపడింది. పాతిక ముప్పై ఫోన్లు ఉంటాయి. రీళ్ల కాలంలో క్లైమాక్స్‌కి బీడీ వెలిగించుకోవడం కూడా మర్చిపోయేవాళ్లని చూసినవాణ్ని, నాకు చాలా కష్టంగా అనిపించింది.

లోపం ఫైట్ మాస్టర్లది మాత్రం కాదు. మా పొరుగున ఉన్న కారంచేడు నుంచి వెళ్లిన కవల అన్నదమ్ములు రామ్-లక్ష్మణ్ మాస్టర్లు కంపోజ్ చేసిన ఫైట్లు చూస్తే గర్వంగా ఉంటుంది. గుద్దు గాల్లోనే పోతుంది. పడేవాడు సరిగ్గా సమయానికి తల తిప్పితేనే మనకి తగిలినట్టుంటుంది. ఆ విద్య ఇప్పుడు నా రోజులకన్నా ఎంతో పెరిగింది. 2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’కి ఫైట్ల విభాగంలోనే జాతీయ అవార్డు ఇచ్చారు. అయినా ఆ సినిమాలో హాలు ఊపిరి బిగబట్టింది ఎక్కడ? జంతువులతో దూకే ఇంటర్వెల్ ఫైటుకి కేకలు బాగానే పడ్డాయి. కానీ కొరడా దెబ్బలు తింటూ, మోకాళ్ల మీద కూర్చోమంటే కూర్చోని భీముడి దగ్గర ఒక్క ఫోనూ వెలగలేదు. అక్కడ అతను ఎవర్నీ కొట్టలేదు. ఆ మనిషికి చేతులు కట్టేసి ఉన్నాయి.

2012లో ‘ఈగ’ వచ్చేనాటికి మా హాల్లో రీళ్లు పోయి డిజిటల్ మెషిన్ వచ్చింది. కడ్డీలు లేవు, చుక్కలు లేవు, మీట నొక్కితే చివరిదాకా అదే నడుస్తుంది. చేతులు ఖాళీ అయిపోయి నాకు దిగులుగా ఉండేది. ఓ రోజు కిందికి దిగి పక్క గుమ్మం దగ్గర నిలబడ్డాను. సినిమా ఆడుతుండగా జనం మొహాలు ఎదురుగా చూడటం నాకదే మొదలు. హీరో మొదట్లోనే చచ్చిపోయి ఈగై పుట్టాడు. వాడికి మాట లేదు, కండ లేదు. చివర్లో ఆ ఈగ రెక్క తెగినప్పుడు గోడవారగా కూర్చున్న ఒకావిడ ఒళ్లో పిల్ల కళ్లు చేత్తో మూసింది. తను మాత్రం రెప్ప వేయకుండా చూస్తోంది. పెదాలు కదులుతున్నాయి. ఆమె వెనకాల భారీ మనిషి ఒకాయన కుర్చీలోంచి సగం లేచి, అలాగే నిలబడిపోయాడు. ఆ తర్వాత పడిన విజిల్ ఏ రకానిదో నాకు చెప్పక్కర్లేకపోయింది.

ఈసారి మీరు వరుస కట్టేటప్పుడు వసూళ్లు పక్కనబెట్టి, ఊళ్లలో మిగిలిన పాత ఆపరేటర్లను, గేటు దగ్గర టికెట్లు చించినవాళ్లను అడగండి. మేం చెప్పే పేర్లు వేరుగా ఉంటాయి. అందులో ఆ ఈగ పేరు కూడా చేర్చమని మనస్ఫూర్తిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాత సినిమా ఆపరేటర్,
చీరాల