మన సంఘం ఏడాది రిపోర్టు: బోర్లు, లెవెల్ కొలతలు, వాల్టా సంగతులు

అందరికీ నమస్కారం. ఈ ఏడాది సంఘం పనిలో సగం బోర్లలో నీళ్ల లెవెల్ తీయడమే, అందుకే రిపోర్టులో కూడా దాని గోలే ఎక్కువ. ఖర్చుల పుస్తకం కోశాధికారి దగ్గర ఉంది, రసీదులతో సహా చూసుకోవచ్చు.

లెవెల్ నెలకోసారి తీస్తున్నాం. ముందు రోజు రాత్రే మోటార్ ఆపాలి, పొద్దున్నే కేసింగ్ (బోరులో దించిన పైపు) మూత పక్క సందులోంచి టేపు వదిలితే కొస నీళ్లకి తగలగానే పైన బజర్ కుయ్‌మంటుంది, ఆ అడుగులు రాసుకోవడమే. మొదట్లో మా బోరుతో మీకేం పని అన్నోళ్లే ఇప్పుడు ఫోన్ చేసి మరీ మా దాంట్లో ఎంతుంది అని అడుగుతున్నారు. మనం కనిపెట్టిందేం కాదులెండి, 2003లో మొదలైన రైతుల భూగర్భజల ప్రాజెక్టులో మన అనంతపురంతో కలిపి 7 జిల్లాల రైతులు ఇలాగే కొలిచారు, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏఓ సాయం కూడా ఉండేది.

రబీకి ముందు నీటి లెక్క మీటింగ్, అంటే పడ్డ వానలో ఎంత నేలలోకి దిగింది, దానికి ఏ పంట పెట్టాలి అని చూసే మీటింగ్ బాగా జరిగింది, అంటే గొడవ బాగా జరిగింది. ఎకరా మీద 1 మిల్లీమీటరు వాన పడితే సుమారు 4,000 లీటర్లు. మన జిల్లాకి ఏడాదికి 550 మిల్లీమీటర్ల దాకా పడుతుంది కదా ఇంకేం అనుకోవద్దు, మనది బండ నేల, లోపలికి దిగేది పదో వంతు ఉంటే గొప్ప, మిగతాది ఆవిరో వంకపాలో. ఆ లెక్క చూశాక వరి పెడదామనుకున్న కొందరు వేరుశనగకి మారారు. చీనీ (బత్తాయి) తోట ఆయనొకరు లెక్క తప్పని లేచారు, మళ్లీ వేశాం, అదే వచ్చింది.

ఇక వాల్టా, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం. 2002 చట్టం ప్రకారం కొత్త బోరుకి పర్మిషన్ కావాలి, బోరుబండి రిజిస్టర్ అయ్యుండాలి, ఊరి తాగునీటి బోరుకి 250 మీటర్ల లోపు వేయకూడదు. చట్టం మంచిదే కానీ అది ఒక్కో బోరుని విడిగా చూస్తుంది, కింద బండలో నీళ్లు పారే పగులుకి సర్వే నంబర్లు తెలీవు కదా. పైగా బండి వచ్చేదే రాత్రిపూట, తెల్లారేసరికి కేసింగ్ దిగిపోయుంటుంది, ఆ తర్వాత కంప్లైంట్ ఇచ్చి ఏం లాభం. అందుకే సంఘం బోర్లు పంచుకోవడం మీద పడింది, తూర్పు పొలాల్లో ముగ్గురి బోర్లకి పైపులు కలిపాం, ఒకటి ఎండినా మిగతా రెండిటి నీళ్లు ముగ్గురికీ అందుతాయి, నాలుగో బోరు ఆలోచన మానుకున్నారు.

2004 నుంచి సేద్యానికి కరెంటు ఫ్రీ కాబట్టి ఆటో స్టార్టర్ పెట్టేసి ఇంటికెళ్లి పడుకుంటున్నాం, కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటార్ తిరుగుతుంది, మడి నిండి దారి మీదకి పారినా అడిగే దిక్కుండదు. ఫ్రీ కరెంటు తీసేయమని సంఘం అనట్లేదు, అంటే మమ్మల్ని ఊళ్లో ఉండనివ్వరు. ఆటో స్టార్టర్లు మాత్రం పీకేయండి.

ఎండిపోయిన పాత బోర్లు మట్టీ రాళ్లతో పైదాకా పూడ్చాం, 2010లో సుప్రీంకోర్టు చెప్పిందే అది, పిల్లలు తిరిగే చోటు. ఇంకా ఎవరి పొలంలో అయినా మిగిలుంటే చెప్పండి.

టేపు వైరు తెగింది, కొత్తది కొనాలి. చందా బాకీలు ఉగాది లోపు కట్టేయండి.